ముందు పొలుసులు లెక్కపెడదాం, మోడల్ సంగతి తర్వాత

మెషిన్ లెర్నింగ్ మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ మొదటి వారంలోనే దాటే గడప ఐరిస్ డేటాసెట్. 150 పూలు, మూడు జాతులు, ఒక్కో పువ్వుకి నాలుగు కొలతలు. లోడ్ చేస్తాం, రంగురంగుల ప్లాట్ గీస్తాం, అక్యురసీ బాగా వచ్చిందని స్టేటస్ పెట్టుకుంటాం. ఆ పూలని కొలిచింది ఎడ్గర్ ఆండర్సన్ అనే వృక్షశాస్త్రవేత్త. ఆ కొలతలతో దగ్గరి జాతుల్ని ఎలా విడదీయొచ్చో 1936లో పేపర్ రాసింది రోనాల్డ్ ఫిషర్. (పేరు ఫిషర్, పని మాత్రం పూల మీద. చేపల్ని మనకి వదిలేశాడు.)

ఆ డేటాసెట్ గురించి మనం పెద్దగా ఆలోచించని విషయం ఒకటుంది. ఆ నాలుగు కొలతలూ ఆకాశం నుంచి ఊడిపడలేదు. పువ్వుని బాగా ఎరిగినవాళ్ళు ఏది కొలవాలో ముందు తేల్చుకున్నారు, తర్వాత లెక్క వేశారు. మనం ఇప్పుడు ఆ మొదటి సగాన్ని పూర్తిగా ఎగరగొట్టేశాం. ఫోటోలు పోగేయ్, నెట్‌వర్క్‌కి తినిపించు, ఏది చూడాలో అదే నేర్చుకుంటుంది. హ్యాకథాన్లలో "చేప ఫోటో తీస్తే పేరు చెప్పే యాప్" ఐడియా వస్తూనే ఉంటుంది. దానికి పద్ధతి కూడా ఎప్పుడూ ఇదే.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. బొచ్చెకీ పండుగప్పకీ తేడా చెప్పడానికి ఈ పద్ధతి బాగానే సరిపోతుంది. కానీ ఒకే కుటుంబంలో అన్నదమ్ముల్లా ఉండే జాతుల్ని విడదీయాలంటే ముందు పొలుసు చూడాలి. అదేదో పాతకాలపు పద్ధతి మీద మోజుతో అనడం లేదు. పొలుసు ఆధారంగా వచ్చిన జవాబుని చేప అమ్మే మనిషి, కొనే మనిషి కూడా తమ వేలితో సరిచూసుకోగలరు. నాకు అది చాలా పెద్ద విషయం.

కొర్రమీనునే తీసుకుందాం. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. ధర మామూలు చేపల కంటే బాగా ఎక్కువ, అందుకే పేరు దగ్గర పేచీ వస్తుంది. శాస్త్రం దీన్ని చన్నా స్ట్రయాటా అంటుంది. ఇదే చన్నా కుటుంబంలో మన చెరువుల్లో, కాలవల్లో ఇంకా ఉన్నాయి: మట్టగిడస అనే చన్నా పంక్టాటా, పూమీను అనే చన్నా మరూలియస్. అన్నీ పాము తలలాంటి తలతో, పొడుగ్గా, నున్నగా ఉంటాయి. అన్నీ పైకొచ్చి గాలి పీలుస్తాయి. తొట్టిలో బురద నీళ్ళలో వేసి ఉంచితే అన్నీ ఒకే నల్లరంగు. పూమీనుకి తోక మొదట్లో కన్నులాంటి మచ్చ ఉంటుంది కదా అంటారు. నిజమే, కానీ అన్ని వయసుల్లో ఒకేలా ఉండదు. రంగు నీటిని బట్టీ మారుతుంది, వయసుని బట్టీ మారుతుంది. రంగు మీద ట్రైన్ చేసిన మోడల్ చేపని నేర్చుకుంటోందా, చెరువుని నేర్చుకుంటోందా అని నాకెప్పుడూ అనుమానమే.

ఇప్పుడు పొలుసుల దగ్గరికి వద్దాం. చేప పక్కన మొప్ప దగ్గర మొదలై తోక దాకా సన్నటి గీత ఒకటి వెళ్తుంది. అదే పక్కగీత. నీటి కదలికని పసిగట్టే అవయవం. ఆ గీత మీద ఉన్న ఒక్కో పొలుసుకీ చిన్న రంధ్రం ఉంటుంది. మొప్ప వెనక మొదటి రంధ్రం పొలుసు నుంచి తోకరెక్క మొదలు దాకా లెక్కపెట్టుకుంటూ పోవడమే పని. మట్టగిడసకి 37 నుంచి 40. కొర్రమీనుకి 50 నుంచి 57. పూమీనుకి 60 నుంచి 70. మూడు రేంజ్‌లూ ఒకదాని మీద ఒకటి పడవు. న్యూరల్ నెట్‌వర్క్ అక్కర్లేదు, జీపీయూ అక్కర్లేదు. మూడు ఇఫ్‌లు రాస్తే క్లాసిఫయర్ రెడీ. ఫస్టియర్ సీ ల్యాబ్ మొదటి పరీక్షలో ఇచ్చే ప్రోగ్రామ్ ఇంతకంటే కష్టంగా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. ఈ కుటుంబంలో ఆ గీత తిన్నగా పోదు, మధ్యలో ఒకచోట మెట్టు దిగినట్టు కిందికి జారుతుంది. వరస మారిందని తెలీక అక్కడే ఆగిపోతే లెక్క తప్పుతుంది. ఇమేజ్ ప్రాసెసింగ్‌తో లెక్కపెట్టించాలనుకునేవాళ్ళకి అసలు సవాలు అక్కడే ఉంది, నన్నడిగితే ప్రాజెక్టుకి పనికొచ్చే సమస్య కూడా అదే.

ఇంకో అందం ఏంటంటే ఈ సంఖ్య వయసుతో మారదు. పొలుసులు చేప చిన్నప్పుడే ఏర్పడిపోతాయి. తర్వాత చేప పెరిగితే పొలుసు సైజు పెరుగుతుంది తప్ప కొత్త వరసలు రావు. చిన్న కొర్రమీనుదైనా, మూడు కిలోల కొర్రమీనుదైనా అదే లెక్క. స్కేల్ ఇన్వేరియంట్ ఫీచర్ అని మనం క్లాసులో గొప్పగా చెప్పుకుంటామే, అది చేప ఒంటి మీదే రెడీమేడ్‌గా ఉంది. (ఇంగ్లిష్‌లో పొలుసునీ స్కేలే అంటారు. ఈ జోకు నాది కాదు, భాషదే.)

ఇదంతా ఎప్పటి నుంచో ఉన్న జ్ఞానమే. మద్రాసులో సైన్యం డాక్టరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1875 నుంచి 1878 మధ్య భారతదేశపు చేపల మీద పెద్ద గ్రంథం వేశాడు. అందులో చేపల వర్ణనలతో పాటు చిన్న ఫార్ములాలు ఉంటాయి: వీపు రెక్కలో ముళ్ళెన్ని, ఛాతీ రెక్కలో ఎన్ని, పక్కగీత మీద పొలుసులెన్ని, వీపు నుంచి పొట్టకి అడ్డంగా ఎన్ని వరసలు. మొదటిసారి చూడగానే నాకు అది సీఎస్‌వీ ఫైల్లో ఒక రోలా కనిపించింది. కాలమ్ పేర్లు రాసి కామాలు పెడితే పాండాస్‌లో తెరవొచ్చు. కంప్యూటరే లేని రోజుల్లో అంత శుభ్రమైన ఫీచర్ వెక్టర్ రాసి పెట్టినవాళ్ళని చూస్తే, మన "రా డేటా"ని చూసుకుని కొంచెం సిగ్గేస్తుంది.

అయితే పొలుసుల లెక్క అన్ని చోట్లా గెలవదు. గెలుస్తుందని చెబితే నేనూ ఆ యాప్ వాళ్ళలాగే అతి చేసినట్టు. బొచ్చె, రోహు, ఎర్రమోసు తీసుకోండి. మన చెరువుల్లో కలిపి పెంచే ఈ మూడింటికీ పక్కగీత లెక్క 40 దాటి అటూ ఇటూగా ఉంటుంది, రేంజ్‌లు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. 42 అని వస్తే అది ఏదైనా కావచ్చు. అక్కడ తల సైజు, మూతి తీరు చూస్తే సరిపోతుంది. బొచ్చె తలని చూసి ఎవరూ రోహు అనుకోరు. చన్నాల్లో కూడా గచువా అనే ఇంకో చిన్న జాతి ఉంది, దాని లెక్క మట్టగిడసకి బాగా దగ్గరగా వస్తుంది. అక్కడ పొలుసుని వదిలేసి పొట్ట దగ్గరి రెక్క ఎంత పొడవుందో చూడాలి, గచువాకి అది బాగా పొట్టిగా ఉంటుంది. ఇక మార్పు చేపకీ, నిషేధం ఉన్న ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కీ తేడా చెప్పమంటే పొలుసు చేతులెత్తేస్తుంది, ఎందుకంటే ఆ రెండిటికీ అసలు పొలుసులే ఉండవు.

ఐరిస్‌లో జరిగింది కూడా ఇదే. సెటోసా ఒక్క గీతతో విడిపోతుంది, మిగతా రెండూ కలిసిపోతాయి. ఏ ఫీచర్ ఏ జంట దగ్గర పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో తెలియడమే అసలు చదువు. నెట్‌వర్క్ ఆ సంగతి మనకి చెప్పదు. ఒక శాతం మాత్రం చెబుతుంది.

లెక్క సరిపోని చోట ఒక్కో పొలుసునీ విడిగా చూడొచ్చు. 1830లలో లూయీ అగాసీ చేపల పొలుసుల్ని నాలుగు రకాలుగా విడగొట్టాడు. మన తిండిలోకి వచ్చే చేపల్లో ఎక్కువగా కనిపించేవి రెండు. అంచు నున్నగా ఉండేది సైక్లాయిడ్, అంచున సన్నటి పళ్ళుండేది టీనాయిడ్. దీనికి మైక్రోస్కోప్ కూడా అక్కర్లేదు. తోక నుంచి తల వైపుకి ఎదురు నిమరండి. పండుగప్ప గరగర అంటుంది, రోహు అనదు. పొలుసుని వెలుతురుకి పెట్టి భూతద్దంలో చూస్తే మధ్యలో చిన్న కేంద్రం, దాని చుట్టూ వలయాలు, కేంద్రం నుంచి అంచుకి పోయే గాళ్ళు కనిపిస్తాయి. కేంద్రం సరిగ్గా నడిమధ్యన ఉందా ఓ పక్కకి జరిగిందా, గాళ్ళు ముందు వైపే ఉన్నాయా వెనక కూడా ఉన్నాయా, ఎన్ని ఉన్నాయి, ఇవన్నీ జాతిని బట్టి మారతాయి. పొలుసు ఆకారం మీద కొన్ని గుర్తు బిందువులు పెట్టి, సైజు, తిప్పుడు, స్థానం తేడాలు తీసేసి ఆకారాన్ని మాత్రమే పోల్చే పద్ధతి కూడా ఉంది. దానిపేరు జామెట్రిక్ మార్ఫోమెట్రిక్స్. మల్లెట్ కుటుంబం మీద, అంటే మన తీరంలో కొయ్యింగలనే చేపల బంధువుల మీద, ఈ పద్ధతితో 2007లో ఒక పరిశోధన వచ్చింది. పొలుసు ఆకారంతో ప్రజాతుల్నీ జాతుల్నీ గుర్తించొచ్చని అది చూపించింది. లీనియర్ ఆల్జీబ్రా ఎందుకురా బాబూ అని అడిగేవాళ్ళకి ఇది మంచి జవాబు.

ఇక్కడి నుంచి మన సబ్జెక్టు కష్టాలు మొదలు. నేను చెప్పేది చేపల వాళ్ళకి కొత్త కాదు, మనకి మాత్రం ప్రాణం మీదికొచ్చే విషయాలు.

ఒక చేప నుంచి ఇరవై పొలుసులు తీశారనుకుందాం. అలా పది చేపలు. రెండొందల ఫోటోలు. వాటిని కలిపేసి ఎనభై, ఇరవై చొప్పున ట్రైన్, టెస్ట్ విడగొట్టేస్తే ఏమవుతుంది? ఒకే చేప పొలుసులు రెండు వైపులా ఉంటాయి. మోడల్ జాతిని కాదు, ఆ చేపని గుర్తుపడుతుంది. అక్యురసీ ఆకాశంలో ఉంటుంది, మార్కెట్‌లోకి వెళ్ళగానే నేల మీద పడుతుంది. విడగొట్టాల్సింది పొలుసుల వారీగా కాదు, చేపల వారీగా. ఇంకా జాగ్రత్తగా ఉండాలంటే చెరువుల వారీగా. ఎందుకంటే పొలుసు మీది వలయాలు చేప ఎంత వేగంగా పెరిగిందో చెబుతాయి. కార్ప్ చేప వయసుని పొలుసు వలయాలతో చెప్పొచ్చని 1898లోనే హాఫ్‌బాయర్ చూపించాడు. కొర్రమీనులన్నీ మేత బాగా వేసిన ఒక చెరువు నుంచి, పూమీనులన్నీ ఏటి నుంచి తెచ్చుకుంటే, మోడల్ నేర్చుకునేది మేత తేడాని.

రెండోది, పొలుసు ఒంటి మీద ఎక్కణ్ణించి తీశామన్నది. తల దగ్గరి పొలుసు, తోక దగ్గరి పొలుసు, పక్కగీత మీది పొలుసు, ఒకే చేపవే అయినా వేరే వేరే ఆకారాలు. అందుకే ఎప్పుడూ ఒకే చోటు నుంచి తీయాలి. ఎక్కువగా ఎడమ పక్కన, వీపు రెక్కకీ పక్కగీతకీ మధ్యలోంచి తీస్తారు. మూడోది నాకు బాగా నచ్చింది: రాలిపోయిన పొలుసు చోట చేపకి కొత్త పొలుసు వస్తుంది. కానీ అది త్వరత్వరగా పెరుగుతుంది కాబట్టి దాని మధ్యభాగంలో వలయాలు ఉండవు, ఖాళీగా, గరుకుగా ఉంటుంది. అలాంటివి పక్కన పడేయాలి. ఏ లైబ్రరీలోనూ దీనికి రెడీమేడ్ ఫంక్షన్ ఉండదు. కళ్ళతో చూసి ఏరాల్సిందే.

నాలుగోది లేబుల్. "కొర్రమీను" అని ఫోల్డర్ పేరు పెట్టి బజార్లో అలా పిలిచిన ప్రతి చేపనీ అందులో పడేస్తే, ఆ ఫోల్డర్‌లో మూడు జాతులుండే ప్రమాదం ఉంది. మన పేర్లు ఊరు మారితే మారతాయి. అంతమాత్రాన మన పేర్లు పనికిరావని కాదు. ప్యాట్రిక్ రస్సెల్ అనే కంపెనీ కాలం నాటి డాక్టరు విశాఖపట్నంలో సేకరించిన రెండొందల చేపల బొమ్మలతో 1803లో పుస్తకం వేశాడు, అందులో తెలుగు పేర్లు విన్నవి విన్నట్టు రాసుకున్నాడు. మన తీరంలో కానగర్త, కానాగంత అని పిలిచే చేపకి ప్రపంచమంతా వాడే శాస్త్రీయ నామం రాస్ట్రెలిజర్ కనగుర్త. ఆ పేరు అక్కడిదే. జాలర్లు వేరుచేసి పిలిచిన చేపని శాస్త్రం కూడా వేరుగానే నిలబెట్టింది. మన లేబుల్ బాగుండాలంటే పేరుతో పాటు ఊరు, తేదీ, పొలుసుల లెక్క రాసి పెట్టుకోవాలి.

డీఎన్ఏ టెస్ట్ ఉండగా ఇదంతా ఎందుకు అనేవాళ్ళుంటారు. చివరి మాట డీఎన్ఏదే, ఒప్పుకుంటాను. కానీ చేపల బజార్లో ల్యాబ్ ఉండదు, ఉన్నా రిజల్ట్ వచ్చేసరికి చేప కూర అయిపోతుంది. పైగా ఎండిన పొలుసు నుంచి కూడా డీఎన్ఏ తీయొచ్చు. అంటే పొలుసుని దాచుకుంటే ఈరోజు లెక్క, రేపు డీఎన్ఏ, రెండూ ఒకే కవర్లో ఉన్నట్టు.

ఇప్పుడు అసలు పేచీకి వస్తాను. యాప్ వాడే మనిషి ఎవరో ఊహించుకోండి. ఫోన్ చేతిలో ఉన్న కొనుగోలుదారు. ఎదురుగా గంప ముందు కూర్చున్న ఆవిడ. యాప్ "87 శాతం, ఇది కొర్రమీను కాదు" అంటుంది. ఆవిడ ఏం చెయ్యాలి? ఎవరితో వాదించాలి? ఆ 87 ఎక్కణ్ణించి వచ్చిందో రాసినవాళ్ళకే తెలీదు. పొద్దున్నుంచి నిలబెట్టుకున్న మాట అయిదు సెకన్లలో పోతుంది, పక్కన నిలబడ్డ నలుగురూ చూస్తారు. అదే యాప్ "పక్కగీత మీద 64 పొలుసులు కనిపిస్తున్నాయి" అంటే సీన్ మారిపోతుంది. "ఏదీ, చూద్దాం పట్టు బాబూ" అని ఆవిడ చేప తీసి వేలుగోటితో ఒక్కోటీ లెక్కపెడుతుంది. 54 వస్తే యాప్ తప్పు, అక్కడే తేలిపోతుంది. 64 వస్తే ఆవిడకి చేప పోసిన ఏజెంట్‌ని రేపు నిలదీయడానికి ఆమె చేతిలో ఒక అంకె ఉంటుంది. తూకం కాటా మీద ముల్లు ఇద్దరికీ కనిపించేలా ఉంటుంది కదా, అలాగే.

దీనికి మా బ్యాచ్‌లో వచ్చే ఎదురువాదన నాకు తెలుసు: నెట్‌వర్క్ ఎక్కడ చూసిందో హీట్‌మ్యాప్ వేసి చూపిస్తాం కదా అని. చూపించండి. చేప మీద ఎర్రటి మబ్బు కనిపిస్తుంది. ఆ మబ్బుతో గంప ముందున్నావిడ ఏం చేసుకోవాలి?

పులస గురించి రాయకపోతే గోదావరి జిల్లాల వాళ్ళు ఊరుకోరు. "ఒరిజినల్ పులసని పట్టే యాప్" అంటే డబ్బులు బాగా వస్తాయి, నిజమే. కానీ పులస అనేది వేరే జాతి కాదు. సముద్రంలోంచి వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చిన టెన్యువలోసా ఇలీషానే పులస అంటున్నాం. సముద్రంలో పట్టినా అదే జాతి, బెంగాల్ నుంచి ఐసులో వచ్చినా అదే జాతి. రుచిలో తేడా ఉంది, పొలుసుల లెక్కలో లేదు. కాబట్టి ఆ తేడా పొలుసుతో చెప్తానంటే నమ్మకండి. పొలుసు చెప్పగలిగింది వేరే. దాని దగ్గరి చుట్టం టోలీని అంటగడితే పొట్ట కింద రంపంలా ఉండే ముళ్ళ పొలుసులు లెక్కపెట్టండి: ఇలీషాకి 30 నుంచి 33, టోలీకి 28 నుంచి 30. సరిగ్గా 30 వస్తే మాత్రం మొప్పలు ఎత్తి లోపలి దువ్వెన పళ్ళు చూడాలి, ఇలీషాకి అవి మరీ దట్టంగా ఉంటాయి. హిల్సా కెలీ అనే ఇంకో చుట్టానికి పొలుసు వెనకభాగంలో సన్నటి చిల్లులుంటాయి, ఇలీషా పొలుసుకి ఉండవు. ఇంతవరకే. ఏది చెప్పగలదో, ఏది చెప్పలేదో ఇంత స్పష్టంగా గీత గీయగలిగిన మోడల్ మన సిలబస్‌లో నాకింకా కనిపించలేదు.

పొలుసులు మోసం చేసే చోటు కూడా ఒకటి చెప్పాలి. బంగారుతీగలో మిర్రర్ కార్ప్ అనే రకం ఉంటుంది. ఒంటి మీద అక్కడక్కడా పెద్ద పెద్ద అద్దం ముక్కల్లాంటి పొలుసులు, మిగతాదంతా బోడి చర్మం. మామూలు బంగారుతీగ పక్కన పెడితే వేరే జాతి అని ప్రమాణం చేస్తాం. కానీ రెండూ ఒకే జాతి, పొలుసు తీరుని మార్చే జన్యువులో తేడా, అంతే. అంటే పొలుసు వేరైతే జాతి వేరు అని కళ్ళు మూసుకుని రాయకూడదు. ముందు చేప గురించి చదవాలి, తర్వాతే కోడ్.

మన క్లబ్‌లో సీఎస్ వాళ్ళు ఎక్కువ కాబట్టి, ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకి ఎవరైనా ఇది ఎత్తుకుంటారన్న ఆశతో పనికొచ్చే ముక్కలు కొన్ని. చేపలు కోసే చోట అడిగితే పొలుసులు ఊరికే ఇస్తారు, కానీ కలిపేసిన కుప్పలోంచి తీసుకోవద్దు. చేప కోయకముందే పక్కగీత లెక్కపెట్టండి, ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి పోల్చుకోండి. ఒక చేపకి ఒక కాగితం కవరు, దాని మీద నంబరు, ఊరు, పొడవు. పొలుసుల్ని మంచినీళ్ళలో వేళ్ళ మధ్య రుద్ది జిగురు పోయేదాకా కడగండి. తడి ఆరకముందే రెండు గాజు స్లైడ్ల మధ్య పెట్టి టేపు వేయండి, లేకపోతే ఆరాక అప్పడంలా వంకరపోతాయి, ఆకారం కొలవడానికి పనికిరావు. ఫోటోలో పక్కన ఒక స్కేలు, అంటే గీతలున్న స్కేలు, పెట్టడం మర్చిపోవద్దు. హాస్టల్ రూమ్‌లో మాత్రం ఈ పని చెయ్యకండి, వాసన మూడు రోజులకి గానీ పోదు.